డిసెంబరులో ఈనే మందకు అక్టోబరు నుంచే దాణా

ప్రశ్న: మాది వనపర్తి జిల్లా. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి రెండేళ్ళ కింద ఊళ్ళో గొర్రెల ఫారం పెట్టాను. ఇప్పుడు 60 నెల్లూరు జోడిపి గొర్రెలు, రెండు విత్తన పొట్టేళ్ళు ఉన్నాయి. పగలు మేతకు తోలుతాం, రాత్రి షెడ్డులో ఉంచుతాం. పోయినేడు పుట్టిన 41 పిల్లల్లో 13 చచ్చిపోయాయి, ఎక్కువ మూడు రోజుల లోపే. ఈ ఏడు జులై 5న పొట్టేళ్ళను మందలో వదిలి, ఆగస్టు 20న వేరు చేశాను. ఈనే లోపల 40 వేలు ఖర్చు పెట్టి షెడ్డు సిద్ధం చేద్దామనుకుంటున్నాను. హీటర్ బల్బులు, పాలపొడి, షెడ్డు చుట్టూ టార్పాలిన్, కింద ప్లాస్టిక్ పలకలు, వీటిలో ఏది ముందు కొనాలి? మా నాన్న మాత్రం "గొర్రెకు ఈనడం మనం నేర్పాలా?" అని నవ్వుతాడు. పోయినేడు పిల్లలకు సీసాపాలు పట్టింది మా ఆవిడే. ఇప్పుడు తనకు నాలుగో నెల. అయినా ఈసారి కూడా తనే చూసుకుంటానంటోంది.

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట "మూడు రోజుల లోపే" అన్నది. పిల్ల ఏ వయసులో పోయిందో తెలిస్తే కారణం సగం దొరికినట్టే. మూడు రోజుల లోపు పోయే పిల్లల్లో ఎక్కువ భాగం రోగంతో పోవు. బరువు తక్కువగా పుట్టి, లేచి చన్ను పట్టే ఓపిక లేక, కడుపులో పాలు పడక, ఒళ్ళు చల్లబడి పోతాయి. వారం దాటాక పారుకుంటూనో దగ్గుతూనో పోతే షెడ్డు శుభ్రత, గాలి సంగతి చూడాలి. నెల దాటాక, బాగా పాలు తాగి నిగనిగలాడే పిల్ల రాత్రి బాగుండి తెల్లారేసరికి చచ్చి పడుంటే చిటుకు రోగాన్ని అనుమానించాలి. మీది మొదటి రకం.

అందుకే మీరు రాసిన నాలుగింటిలో ఏదీ ముందు కొనొద్దు. ఆ 40 వేలల్లో సగం చూడి గొర్రెల దాణాకు, మిగతాదాంట్లో పెద్ద భాగం రాత్రిపూట మందలో మెలకువగా ఉండే మనిషి కూలికి పెట్టండి. పోయినేడు మీ పిల్లలు చావడానికి బల్బులు లేకపోవడం కారణం కాదని నా నమ్మకం. తల్లి ఆఖరి నెలన్నరలో సరిగా తినలేదు, పుట్టిన పిల్ల నోట్లో మొదటి రెండు గంటల్లో ముర్రుపాలు పడలేదు. ఈ రెండూ సరిచేస్తే మిగతావి చిన్న పనులు.

ముందు తేదీల లెక్క వేసుకుందాం. గొర్రె చూడి కాలం సుమారు 147 రోజులు, ఐదు రోజులు అటూ ఇటూ. జులై 5న కట్టిన గొర్రె నవంబరు 29 ప్రాంతంలో ఈనాలి, అంటే నవంబరు 24 నుంచే కళ్ళు తెరుచుకుని ఉండాలి. ఆగస్టు 20న కట్టింది సరిగ్గా జనవరి 14కు వస్తుంది. గొర్రె 17 రోజులకోసారి ఎదకు వస్తుంది కాబట్టి పొట్టేళ్ళు బాగున్న మందలో చాలా గొర్రెలు మొదటి ఎదలోనే కట్టి ఉంటాయి. మీకు అసలు ఒత్తిడి నవంబరు ఆఖరు నుంచి డిసెంబరు 20 దాకా. తర్వాత పలచగా ఈనుతూ, ఆఖరివి సంక్రాంతికి ఈనుతాయి. పండక్కి కూలి మనిషి ఊరెళ్తానంటాడు. ఆ మూడు రోజులు షెడ్డులో ఎవరుంటారో ఇప్పుడే మాట్లాడుకోండి.

వచ్చే ఏడు పొట్టేలు రొమ్ముకు నూనెలో కలిపిన జాజు పూసి వదలండి. ఎక్కిన గొర్రె నడుము మీద ఎర్ర గుర్తు పడుతుంది. రోజూ ఆ నంబర్లు రాసుకుంటే ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో ఊహించే పని తప్పుతుంది. ఈ ఏటికి ఆ అవకాశం పోయింది కానీ ఇంకొకటి ఉంది. 45 నుంచి 90 రోజుల చూడి మధ్య స్కానింగ్ చేస్తే కడుపులో ఒకటా రెండా అన్నది చాలావరకు తెలుస్తుంది. అక్టోబరు మొదటి వారంలో మీ మంద దాదాపుగా ఆ గడువులోనే ఉంది. దగ్గర్లో గొర్రెలకు స్కానింగ్ చేసే డాక్టరు దొరికితే చేయించండి. కవలలున్న గొర్రెలకు, ఖాళీగా ఉన్నవాటికి నీలం, ఎరుపు రంగు గుర్తులు పెట్టండి. దొరక్కపోతే పరవాలేదు, జోడిపిల్లో కవలలు తక్కువే.

ఇక దాణా. కడుపులో పిల్ల బరువులో దాదాపు 70 శాతం ఆఖరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. అదే సమయంలో పిల్ల పెరిగి కడుపులో చోటు తగ్గిపోతుంది, గొర్రె తినగలిగే మేత కూడా తగ్గుతుంది. పొదుగు కట్టేదీ అప్పుడే. మీ మందకు ఆ ఆరు వారాలు అక్టోబరు 18న మొదలవుతాయి. ఆ రోజు పొద్దున్నే మేతకు వదలకముందు 60 గొర్రెల నడుము మీదా చెయ్యి పెట్టి చూడండి. ఆఖరి పక్కటెముక దాటాక వెన్నుపూస ముళ్ళు చేతికి గుచ్చుకుంటే బక్కది. గుండ్రంగా, కాస్త నొక్కితే తగిలితే సరిగ్గా ఉన్నట్టు. నొక్కినా ఎముక తగలకపోతే కొవ్వెక్కింది. కంటితో చూసి తేల్చకండి. కడుపుతో ఉన్న గొర్రె ఎప్పుడూ బలంగానే కనిపిస్తుంది.

బక్కవాటినీ, తొలిచూలు గొర్రెలనూ ఒక దొడ్డిగా విడదీయండి. అందరితో కలిపి తొట్లో వేస్తే పెద్ద గొర్రెలు వీటిని తోసేస్తాయి. దాణా మీరే కలుపుకోవచ్చు. క్వింటాలుకు మొక్కజొన్న నూక 40 కిలోలు, వేరుశనగ చెక్క 25, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు ఒక కిలో. చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి. బూజు వాసన కొడితే ఎంత చవకగా వచ్చినా వద్దు. ఆ బూజు విషం చూడి గొర్రెను ఈడ్చుకుపోయేలా, అంటే నెలలు నిండకుండానే పిల్లను పడేసేలా చేస్తుంది. మొదటి రోజు తలకు 50 గ్రాములతో మొదలుపెట్టి, పది రోజుల్లో 250 గ్రాములకు తీసుకెళ్ళండి. ఒక్కసారిగా పోస్తే కడుపులో పులిసి పడిపోతాయి. ఒక్కో గొర్రెకు కనీసం అడుగున్నర తొట్టి జాగా ఉండాలి. అంత పొడవు లేకపోతే రెండు బ్యాచీలుగా పెట్టండి.

రోజుకు 15 కిలోలు, ఆరు వారాలకు 630 కిలోలు. కిలో 30 రూపాయలు వేసుకున్నా 19 వేలు. మొదటి పది రోజులు తక్కువతో మొదలుపెడతారు కాబట్టి ఈనాక ఇవ్వాల్సిన దాణాకు కొంత మిగులుతుంది. పాలిచ్చే గొర్రెకు మొదటి ఆరేడు వారాలు ఇంకాస్త పెంచి, 300 నుంచి 400 గ్రాముల దాకా పెట్టాలి. కొవ్వెక్కిన గొర్రెలకు మాత్రం ఇప్పుడు మేత తగ్గించి సన్నబరచాలని చూడకండి. చూడి ఆఖర్న కడుపు మాడ్చితే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో విషంగా మారుతుంది. కవలలున్న గొర్రెలకూ ఇదే గండం. అలాంటి గొర్రె మంద వదిలి ఒంటరిగా నిలబడుతుంది, దాణా ముట్టదు, పళ్ళు నూరుతుంది, కళ్ళెదురుగా ఉన్న గోడ కనపడనట్టు తలానిస్తుంది, నోటి దగ్గర ఒకరకమైన తీపి వాసన వస్తుంది. ఆ రోజే డాక్టరును పిలవాలి. రేపు చూద్దాంలే అనుకుంటే తల్లీ పిల్లా రెండూ దక్కవు.

మీరు మందను పగలు తిప్పుతున్నారు. అది ఆపొద్దు. చూడి గొర్రెకు నడక మంచిదే. అయితే నవంబరులో మీ వైపు మేత దొరికే చోట్లే ప్రమాదాలు కూడా ఉంటాయి. కోసిన జొన్న చేలో మళ్ళీ చిగిర్చిన లేత పిలకల్లో విషం ఉంటుంది. మోకాలెత్తు కూడా రాని ఆ పిలకలు ఆకలిమీద మేస్తే నిమిషాల్లో పడిపోతాయి. మొక్కజొన్న కోసిన చేలో రాలిన కంకులు దొరికితే తిన్నకాడికి తింటాయి, సాయంత్రానికి కడుపుబ్బి కూర్చుంటాయి. పత్తి చేలో ఆఖరు మందు ఎప్పుడు కొట్టారో రైతును అడగకుండా తోలకండి. కాలువల పక్కన, వరి మడుల గట్ల మీద నత్తలుండే తడి గడ్డితో కార్జపు జలగలు పడతాయి. వేరుశనగ తీసిన చేను, కంది చేల గట్లు మంచి మేత. ఎండిన తుమ్మకాయలు సాయంత్రం గుప్పెడేసి వేయొచ్చు. ఆఖరి నెలలో కుక్కలు తరమకుండా, ఇరుకు గేటులో ఒకదాన్నొకటి నెట్టుకోకుండా చూడండి. ఈనడానికి వారం ముందు నుంచి పొదుగు బిగిసిన గొర్రెలను దూరం తోలొద్దు, షెడ్డు చుట్టుపక్కలే మేపాలి.

టీకాల్లో మీకు ఇప్పుడు ముఖ్యమైంది చిటుకు రోగానిది. ఈనడానికి మూడు నాలుగు వారాల ముందు తల్లికి వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకు అందుతుంది. మీ మందకు అది నవంబరు మొదటి వారం. ధనుర్వాతం టీకా కూడా అప్పుడే వేయించమని అడగండి. పీపీఆర్ (పారుడు రోగం), బొబ్బ రోగం టీకాలు వేయించకపోయి ఉంటే నెలలు నిండిన గొర్రెలకు ఇప్పుడు హడావుడిగా వేయించకండి. పిల్లలకు మూడు నెలలు దాటాక, తల్లులకు ఈనాక డాక్టరు చెప్పిన వరసలో వేయించండి. అక్టోబరు, నవంబరు నెలలు మన దగ్గర నీలి నాలుక కాలం కూడా. సాయంత్రం షెడ్డు పక్కన వేపాకు పొగ పెట్టడం, నీటి గుంటలు పూడ్చడం మరిచిపోవద్దు. దాన్ని అంటించేది కంటికి సరిగా ఆనని చిన్న ఈగ, అది తడి పేడలో పెరుగుతుంది.

నట్టల (కడుపులో పురుగుల) మందు సంగతి చాలామందికి తెలియదు. ఈనే ముందూ వెనకా తల్లి ఒంట్లో నిరోధక శక్తి తగ్గి, కడుపులో నట్టలు ఒక్కసారిగా గుడ్లు పెట్టడం పెంచుతాయి. అవి పేడలో పడి, గడ్డి ఎక్కి, పిల్లలు మేత మొదలుపెట్టే సమయానికి వాటి కోసం సిద్ధంగా ఉంటాయి. పేడ నమూనా పశువుల ఆసుపత్రిలో ఇచ్చి, ఏ మందు అవసరమో చెప్పించుకుని, ఈనే రెండు మూడు వారాల ముందు తాగించండి. షాపువాడిచ్చిన సీసా మాత్రం వద్దు. ఆల్బెండజోల్ చూడి కట్టిన మొదటి నెలలో ఇస్తే పిల్లకు అవిటితనం రావచ్చు. మీ గొర్రెలకు ఆ గడువు దాటిపోయినా, కొత్తగా కొని తెచ్చినవి ఎన్నో నెలలో ఉన్నాయో ఎవరికీ తెలీదు.

షెడ్డుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. నవంబరు 10 లోపు పాత ఎరువంతా గీకి తీసి, పైన కొత్త మొరం పరిచి, పొడి సున్నం చల్లి, ఆరాక ఎండు వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ వేయండి. సున్నం తడిగా ఉండగా గొర్రెలను ఎక్కించొద్దు, పొదుగు కాలుతుంది. ఒక మూల నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గదులు ఆరేడు కట్టండి. పాత వెదురు తడకలు, తలుపు చెక్కలు ఏవైనా సరే. తల్లీ పిల్లా ఒకరినొకరు గుర్తుపట్టేవరకు ఒక రోజు, కవలలైతే రెండు రోజులు అక్కడే ఉంటాయి. ఒకటి ఖాళీ అయ్యాక గడ్డి మార్చి, సున్నం చల్లి, ఆ తర్వాతే ఇంకోదాన్ని పెట్టాలి.

టార్పాలిన్ గురించి గట్టిగా చెప్పాలి. చలి అని షెడ్డును పైనుంచి కిందదాకా మూసేస్తే లోపల ఉచ్చ కంపు పేరుకుంటుంది. పొద్దున తలుపు తీయగానే మీకు కళ్ళు మండాయంటే, నేలకు అడుగెత్తులో పడుకున్న పిల్ల ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో ఆలోచించండి. గాలి కొట్టే వైపు గోనె సంచులు కుట్టి నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తు వరకే కట్టండి. పైన తెరిచే ఉంచండి. పిల్లకు కావలసింది కింద పొడి గడ్డి, పక్కన తల్లి ఒళ్ళు, మీద చల్లగాలి పడకపోవడం.

ఇప్పుడు ఈనే రాత్రి. మీ నాన్నగారి మాట చాలావరకు నిజం. బలంగా ఉన్న గొర్రె ఎవరి సాయం లేకుండానే ఈనుతుంది. చెయ్యి పెట్టడానికి తొందరపడేవాళ్ళ వల్లే ఎక్కువ నష్టం. నీటి తిత్తి పగిలి, గట్టిగా ముక్కడం మొదలయ్యాక అరగంట, మహా అయితే గంటలో పిల్ల బయటికి రావాలి. రెండు ముందరి గిట్టలు, వాటిమీద ఆనిన ముక్కు కనిపిస్తే దూరంగా కూర్చోండి. ఒక్క గిట్టే కనిపించినా, తల వచ్చి కాళ్ళు రాకపోయినా, తోక మాత్రమే తగిలినా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఉత్త చేత్తో లోపల వెతికి లాగొద్దు. గిట్టల అడుగు భాగం పైకి తిరిగి ఉంటే అవి వెనక కాళ్ళు. అలా కూడా పుడుతుంది కానీ బొడ్డు తెగిన తర్వాత తల లోపలే ఉండిపోతుంది కాబట్టి ఆలస్యం కాకూడదు. లాగాల్సి వస్తే గొర్రె ముక్కినప్పుడే, దాని వెనక కాళ్ళ వైపు కిందికి వంచి లాగాలి.

ఇక్కడ నాన్నగారిని పనిలోకి దింపండి, రాత్రి మనిషిని ఆయన చేతే వెతికించండి. మీ ఊళ్ళో గొల్ల కురుమల ఇళ్ళల్లో మందలు మేపి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న పెద్దవాళ్ళుంటారు. గొర్రె నిలబడే తీరు చూసి ఈ రాత్రి ఈనుతుందో లేదో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళు. అలాంటి ఒక తాతకో అమ్మమ్మకో నెలరోజులు రాత్రికాపలా కూలి ఇచ్చి తెచ్చుకోండి. నేను మొదట్లో చెప్పిన మనిషి వీళ్ళే. రోజుకు నాలుగు వందలనుకున్నా 12 వేలు. రెండు పిల్లలు దక్కితే ఆ డబ్బు వచ్చేసినట్టే. సీసీ కెమెరా పెట్టి ఇంట్లో పడుకుందామని కొందరంటారు. కెమెరా పిల్లను తుడవదు.

పిల్ల పడగానే ముక్కు, నోటిమీద జిగురు తుడవాలి. ఊపిరి అందకపోతే గడ్డిపుల్లతో ముక్కులో గిలిగింత పెట్టి, గోనెసంచితో పక్కలు రుద్దాలి. తల్లి నాకడానికి దాని ముందే వదలాలి. ఎత్తుకుని ఫొటో తీసి, స్నానం చేయించి, తిరిగి తెచ్చేసరికి వాసన మారి తల్లి కుమ్మడం, తోసేయడం చాలా ఫారాల్లో చూస్తున్నాం. చిన్న గదికి మార్చాలంటే పిల్లను నేలకు దగ్గరగా, తల్లి ముక్కు ముందే పట్టుకుని మెల్లగా నడవండి, తల్లి వెంటే వస్తుంది. బొడ్డును టింక్చర్ అయోడిన్ ఉన్న చిన్న గిన్నెలో ముంచండి. పైపైన చుక్క వేస్తే సరిపోదు. ఆరేడు గంటల తర్వాత ఇంకోసారి ముంచండి. పోయినేడు మీ దగ్గర కొన్ని పిల్లలకు వారం తర్వాత కీళ్ళు వాచి కుంటి ఉంటే, రోగం దూరింది ఆ బొడ్డు దారినే.

ఆ వెంటనే తల్లి రెండు చన్నులూ ఒక్కోసారి పిండాలి. చన్ను కొసన మైనంలాంటి బిరడా ఉంటుంది, బలహీనమైన పిల్ల దాన్ని లాగలేక వదిలేస్తుంది. పైగా ఒకవైపు పొదుగు గట్టిపడి పాలు రానిది ఏదో మీకు అప్పుడే తెలుస్తుంది. రెండు గంటల్లోపు పిల్ల కడుపులో ముర్రుపాలు పడాలి. కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, అంటే మూడు కిలోల పిల్లకు మొదటిసారి 150, మొదటి 24 గంటల్లో మొత్తం 600 దాకా. ఆ తర్వాత పిల్ల పేగు ఆ రక్షణ పదార్థాలను లోపలికి తీసుకోవడం మానేస్తుంది, ఎంత తాగినా ఆకలి తీరుతుందే తప్ప రోగాన్ని ఆపే బలం రాదు. మీరు కొందామనుకున్న పాలపొడిలో ఆ బలం లేదు. తల్లి చచ్చిపోయిన పిల్లకు రెండో రోజు నుంచి పనికొస్తుంది, ఒక డబ్బా ఉంచుకోండి చాలు.

పొడికి బదులు ఇప్పుడే ముర్రుపాలు దాచండి. నిండుగా పాలున్న గొర్రె ఈనినప్పుడు దాని పిల్ల తాగాక మిగిలినవి పిండి, లేదా ఊళ్ళో ఆవు ఈనినప్పుడు మొదటి పూట పాలు అడిగి తెచ్చి, చిన్న సీసాల్లో 150 మిల్లీలీటర్ల చొప్పున ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టండి. ఇంట్లో జున్ను చేస్తానంటారు, పడనివ్వకండి. అవసరమైనప్పుడు సీసాను గోరువెచ్చని నీళ్ళల్లో పెట్టి కరిగించాలి. పొయ్యిమీద కాచారో, అది నిజంగా జున్నే అయిపోతుంది, పిల్లకు పనికిరాదు.

డిజిటల్ థర్మామీటరు ఒకటి జేబులో ఉంచుకోండి. నీరసంగా ముడుచుకున్న పిల్ల దొరికితే ముందు నోట్లో వేలు పెట్టి చూడండి. వేడిగా ఉండి చప్పరిస్తే ఆకలే, పాలు పట్టండి. వేలికి చల్లగా తగిలితే వేడి చూడాలి. 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మామూలు. 37కూ 39కీ మధ్య ఉంటే తుడిచి ఆరబెట్టి, ముర్రుపాలు పట్టి, తల్లి దగ్గర పెట్టాలి. 37 కంటే తక్కువైతే తల నిలపలేని స్థితిలో ఉంటుంది. దాని నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబరచాలి. అట్టపెట్టెలో గడ్డి వేసి, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టండి. అయితే ఒక తిరకాసుంది. పుట్టి ఐదారు గంటలు దాటి, ఏమీ తాగకుండా అంత చల్లబడ్డ పిల్లను అలాగే వెచ్చబెడితే, ఒంట్లో చక్కెర మిగలక ఫిట్స్ వచ్చి పోతుంది. దానికి ముందు గ్లూకోజు ఎక్కించాలి. అది డాక్టరు పని. గొట్టంతో కడుపులోకి పాలు పోసే పద్ధతి మాత్రం మీ ఊరి పశువైద్య సిబ్బంది దగ్గర ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే నేర్చుకోండి.

బల్బులు కావాలంటే రెండు కొనండి, అంతే. వైరుతో వేలాడదీయకుండా గొలుసుతో, గొర్రె వీపు తగలనంత ఎత్తులో కట్టండి. కింద ఎండు గడ్డి ఉంది, పైన బల్బు తెగిపడితే షెడ్డంతా పోతుంది.

మీరు ఉత్తరం చివర మామూలుగా రాసేసిన మాటకు వస్తున్నాను. మీ ఆవిడ ఈసారి షెడ్డు వైపే రాకూడదు. సాయం చేయడం తప్పని కాదు. ఈనే గొర్రె నీళ్ళల్లో, మాయలో, ఈడ్చుకుపోయిన పిల్లలో బ్రూసెల్లా, టాక్సోప్లాస్మా, క్లమీడియా, క్యూ ఫీవర్ లాంటి, మనిషికి అంటుకునే రోగాల క్రిములు ఉండొచ్చు. గొర్రె పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వాటిని మోస్తుంది. గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకే ముప్పు. పుట్టిన పిల్లను ముట్టుకోవడం, సీసాపాలు పట్టడం, మీ షెడ్డు బట్టలు ఉతకడం మూడూ వద్దు. మీరు షెడ్డులో వేసుకున్న బట్టలు, బూట్లు అక్కడే విప్పి, చేతులు మోచేతిదాకా సబ్బుతో కడిగి ఇంట్లోకి వెళ్ళండి. చూపించుకుంటున్న డాక్టరమ్మకు ఇంట్లో గొర్రెలున్నాయని చెప్పమనండి. మీరూ, మీ రాత్రి మనిషీ గ్లవ్స్ లేకుండా మాయను ముట్టుకోవద్దు. వంద గ్లవ్స్ ఉన్న డబ్బా ఒకటి తెచ్చిపెట్టుకోండి.

మాయ మామూలుగా కొన్ని గంటల్లో దానంతటదే పడిపోతుంది. వేలాడుతోందని లాగకండి, బరువు కట్టకండి. 12 గంటలు దాటితే డాక్టరుకు చెప్పండి. పడ్డ మాయను సున్నం వేసి లోతుగా పూడ్చాలి. కుక్కలకు ఆ రుచి తెలిస్తే వాటి చూపు పిల్లల మీదికి తిరుగుతుంది. రోజుల తేడాలో రెండు గొర్రెలు ఈడ్చుకుపోతే మామూలే అనుకోకండి. వాటిని విడదీసి, పడ్డ పిల్లను, మాయను ఏం చేయాలో డాక్టరును అడిగి పరీక్షకు పంపండి. రాత్రిపూట దగ్గర్లో డాక్టరు దొరక్కపోతే 1962కు ఫోన్ చేసి చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం నంబరు అదే. ముందుగానే మీ ఊరి డాక్టరు నంబరు, ఆ వాహనం ఏ వేళల్లో తిరుగుతుందో కనుక్కుని గోడమీద రాసిపెట్టండి.

బతికిన పిల్లల విషయంలో మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు తల్లిని మూడో రోజే రోజంతా మేతకు పంపడం. పిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆకలితో ఉంటుంది, చేతికందిన మట్టి నాకుతుంది. పదిరోజులు తల్లిని దగ్గరే మేపి, మధ్యాహ్నం ఒకసారి వెనక్కి తెచ్చి పాలివ్వండి. రెండో వారం నుంచి పిల్లలే దూరగల సందు పెట్టి ఒక మూల కట్టగా లేత సుబాబుల్ కొమ్మలు, దశరథ గడ్డి వేలాడదీయండి, చారెడు దాణా పెట్టండి. ఖనిజ లవణాల ఇటుక ఒకటి వేలాడగడితే మట్టి తినడం తగ్గుతుంది. నీళ్ళ తొట్టి పిల్ల మునగనంత లోతే ఉండాలి.

ప్లాస్టిక్ పలకలు ఈ ఏడాది వద్దు. పిల్లల సన్నటి కాళ్ళకు సరిపడే సందులున్నవి ఖరీదు ఎక్కువ, వెడల్పు సందులున్నవాటిలో కాళ్ళు ఇరుక్కుని విరుగుతాయి.

నోటుబుక్కులో గొర్రె నంబరు, ఈనిన తేదీ, పిల్ల బరువు, ఎన్ని గంటలకు పాలు తాగింది, పోతే ఎన్నో రోజున పోయింది, ఇంతే రాయండి. కొక్కేనికి వేలాడదీసే చిన్న తక్కెడ చాలు. జోడిపి పిల్ల రెండున్నర, మూడు కిలోలుండాలి. రెండు కిలోలకు తక్కువ పుట్టినవి ఎక్కువగా ఉంటే వచ్చేసారి దాణా ఇంకాస్త ముందు మొదలుపెట్టాలి. ఒకవైపు పొదుగు రాయిలా గట్టిపడిన గొర్రెను, వరసగా రెండుసార్లు పిల్లను దగ్గరికి రానివ్వనిదాన్ని పిల్ల పాలు మరిచాక అమ్మేయండి. జనవరి 20 దాటినా ఈననివి కట్టనివే అనుకోవాలి. వాటిని డాక్టరుకు చూపించి, ఆరోగ్యంగా ఉన్నవాటిని ఫిబ్రవరిలో పొట్టేలు దగ్గర వదలండి. అవి జులైలో, పచ్చగడ్డి లేచే వేళకు ఈనుతాయి.